గోరు దిగని రబ్బరు

గోరు దిగలేదు. ముప్పై ఒక్క ఏళ్లు పొద్దున్నే డిపోలో బస్సును ఒక చుట్టు చుట్టి, ఆరు టైర్లనూ తట్టి, గాడిలో బొటనవేలి గోరు పెట్టి లోతు చూసి, ఇక పద అని బండెక్కిన డ్రైవరు ఆయన. అలాంటి ఆయన గోరు ఈ మధ్యాహ్నం టైర్ల షాపులో, కూతురి ఎర్ర స్పోర్ట్స్ కారు వెనక చక్రం మీద పెట్టి అదిమితే, గచ్చు మీద పెట్టినట్లు జారి తిరిగి ఆయన వేలికే నొప్పి తెప్పించింది. షాపామె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మోచేతుల దాకా నలుపు, ముక్కు మీద దారం కట్టిన కళ్లద్దాలు, ఆవిడ టార్చి వేసి టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూపించింది. మొదటి రెండూ తయారైన వారమట, తర్వాతి రెండూ సంవత్సరమట. ఈ టైరు పుట్టి పదకొండేళ్లట, నాలుగూ కవలలేనట. గాడి నిండుగా ఉంది కదమ్మా అన్నాడాయన, తన గొంతు తనకే సన్నగా వినబడింది. "గాడి నిండుగానే ఉంటుందన్నయ్యా, తిరిగితే కదా అరగడానికి. షెడ్డులో పడుకుని ఎండిపోయింది. పొడి రోడ్డు మీద మామూలుగా తిరుగుతుంది, తడి తగిలితే సబ్బు బిళ్ల. దీని మీద వానలో తిరిగినవాళ్లెవరో గాని, గట్టి ఆయుష్షు" అంది. ఆ తిరిగినవాళ్లు ఎవరో ఆయన చెప్పలేదు. మూడు రకాల టైర్లు దొర్లించుకొచ్చి ముందు నిలబెట్టి, మీరే నడుపుకుంటారా, అమ్మేస్తారా అని అడిగింది. అమ్మేస్తున్నామన్నాడు. అయితే ఈ మొదటివి చాలు, చూడటానికి దర్జాగా ఉంటాయి, ఆలోచించుకుని చెప్పండి, ఈలోగా పక్క బండి పని చూస్తానని వెళ్లిపోయింది.

ఆలోచించుకోవడానికి అద్దాల గది ఉంది. మూడు ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల క్యాను, శబ్దం లేకుండా ఆడుతున్న టీవీ, మూడూ పది చూపిస్తున్న గోడ గడియారం. నాలుగింటికి కూతురు వస్తుంది. అద్దంలోంచి కారు కనబడుతోంది, లిఫ్టు మీద పైకెత్తి, నాలుగు చక్రాలూ ఊడదీసి, ఆపరేషన్ బల్ల మీద మనిషిలా. రెండే సీట్లు. రెండు సీట్ల బండి కొనేవాళ్లు ఎవరిని నమ్మి కొంటారు, మూడోవాడికి చోటు లేని బండి బండేమిటని కొన్న రోజున తాను వేసిన జోకు గుర్తొచ్చింది, ఆ రెండో సీట్లో ఎప్పుడూ కూర్చుంది తానే అనీ గుర్తొచ్చింది. రేపు పొద్దున కొనేవాడు వస్తాడు. కొత్త టైర్లు వేయించి ఇస్తేనే తీసుకుంటానన్నాడు, అందుకే ఈ షాపు. కారు ఎందుకు అమ్ముతోంది? తనకు నడపడం రాదని తేల్చుకుంది కాబట్టి. రాదని ఎందుకు తేల్చుకుంది? ఆ రోజు వానలో కారు తిరిగిపోయింది కాబట్టి. ఎందుకు తిరిగింది? ఇక్కడ ఆయన ఆగాడు. నాలుగు నెలలుగా ఇక్కడికొచ్చేసరికి ఇంట్లో అందరి దగ్గరా ఒకటే జవాబుండేది, పిల్ల బ్రేకు తొక్కింది అని. ఆ జవాబు చెప్పింది తానే. పది నిమిషాల కిందట నాలుగంకెలు ఆ జవాబును తీసి పక్కన పడేశాయి. బయట వాన పడటం లేదు, మబ్బు మాత్రం పట్టి ఉంది. పడకుండా ఉంటే బాగుండు, ఈ ఒక్క రోజూ.

కొన్నప్పుడు అమ్మినాయన చెప్పనే చెప్పాడు. కళ్ల డాక్టరు, పెద్దవాడు, నడుం పట్టేసి కారులోకి వంగలేక అమ్ముకున్నాడు. టైర్లు మాత్రం మార్పించుకోమ్మా అన్నాడు కూతురితో. కూతురు సరేనంది. సరేనన్న పిల్లను అక్కడితో వదిలేస్తే పోయేది. మధ్యలో తాను వంగి, గాడిలో గోరు పెట్టి, చూడు, సగం వేలు దిగుతోంది, కొత్త టైర్లు పారేస్తారా ఎవరైనా, నేను చూశాగా అన్నాడు. నేను చూశాగా. ఆ మాట మీద ముప్పై ఒక్క ఏళ్లు బస్సులు వెళ్లాయి, కూతురు కూడా వెళ్లింది. డిపోలో టైరుకు ముసలితనం ఉండదు, అదీ సంగతి. బస్సు టైరు ఏడాది తిరక్కుండానే నున్నగా అరిగిపోయేది, పైన కొత్త రబ్బరు తొడుగు వేయించుకొచ్చేవారు, అదీ అరిగేది. పని చేస్తూ పోయేదే గాని పడుకుని చచ్చే టైరును ఆయన జన్మలో చూడలేదు. అరగనిదంతా కొత్తదే అనుకున్నాడు. అంకెలు ప్రతి టైరు మీదా ఉండే ఉంటాయి, ముప్పై ఒక్క ఏళ్లూ కళ్ల ముందే ఉండి ఉంటాయి, వాటి జోలికి పోయే అవసరం రాలేదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినట్లు మాట్లాడాడే, అదీ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని భార్య ఊరికే అనదు, రోజుకోసారి అంటుంది, అందుకే ఆయనకు వినబడటం మానేసింది.

పదకొండేళ్ల కిందట, ఎక్కడో ఫ్యాక్టరీలో ఆ టైరు అచ్చులోంచి వేడివేడిగా బయటికొచ్చిన వారం, కూతురికి పదహారేళ్లు. నాన్నా, నాకు డ్రైవింగ్ నేర్పవా అని అడుగుతూ వెంటపడింది ఆ రోజుల్లోనే. నేర్పలేదు. పెద్దయ్యాక చూద్దామన్నాడు, ట్రాఫిక్ బాగా లేదన్నాడు. అసలు సంగతి ట్రాఫిక్ కాదు. ఎనభై మందిని ఎక్కించుకుని కొండ మలుపులు దిగినవాడు, కన్నపిల్ల స్టీరింగు ముందు కూర్చుంటే చూడలేడు. ఆ భయం పైకి కనబడకూడదని కోపంగా ఉండేవాడు. కూతురు తన జీతంతో తానే నేర్చుకుంది. పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పని, మైనాన్ని చెక్కి, వెంట్రుక మందం తేడా వస్తే మళ్లీ మొదటికి వెళ్లి చెక్కే చేతులు దానివి. ఆ చేతులు స్టీరింగును గట్టిగా పిసకవు, మెత్తగా పట్టుకుంటాయి. అది చూసి ఆయన లోలోపల అబ్బో అనుకున్నాడు కూడా, ఒకసారి కాదు. పైకి అన్నది మాత్రం చూసుకుని, చూసుకుని అని. అబ్బో అన్న మాట నోట్లోంచి రావడానికి ఏం రోగం? ఒక్కసారి అని ఉంటే ఈ రోజు చెప్పడం ఇంత కష్టంగా ఉండేది కాదేమో.

సన్న వాన ఆ రోజు, గొడుగు విప్పాలా వద్దా అని జనం ఆలోచించేంత. బస్టాపు ముందు సర్కిల్. ముప్పైలో ఉంది స్పీడు ముల్లు, తాను చూస్తూనే ఉన్నాడు, చూడకుండా ఉంటాడా. కూతురు స్టీరింగు తిప్పింది, కారు తిరిగింది, ఆపైన తిరుగుతూనే ఉంది. చప్పుడు లేదు. అదే ఇప్పటికీ కలలోకి వస్తుంది, చప్పుడు లేకపోవడం. సర్కిల్ మధ్యలో గడ్డి, షాపుల వరుస, బస్టాపు, మళ్లీ గడ్డి, మళ్లీ షాపులు, ఇక ఆగేసరికి వచ్చిన దారికేసి చూస్తూ నిలబడ్డారు. తల తిప్పి చూస్తే కారు వెనక బస్టాపు, మూరెడు దూరంలో. అక్కడ ఏడుగురు. లెక్కపెట్టాడు. డ్రైవరుకు అది అలవాటు. ఏడుగురూ ఉన్నారా అని రెండుసార్లు లెక్కపెట్టాడు. గొడుగు పట్టుకున్న ఒక ముసలావిడ కదల్లేదు, కదలాలని తోచనంత దగ్గరగా వచ్చి ఆగింది కారు. వైపర్లు ఊగుతున్నాయి. కూతురి చేతులు స్టీరింగు మీద అలాగే మెత్తగా ఉన్నాయి. అప్పుడు ఆయన కిందికి దిగి, ఆ ఏడుగురి ముందూ, ఎవరు చెప్పారే నీకు బండి నడపమని అన్నాడు. గుండె గొంతులోకి వచ్చినవాడు ఏదైనా అంటాడు, నిజమే. కానీ ఆ మాట ఏడుస్తూ అనలేదు, అరుస్తూ అన్నాడు. కూతురు దిగి, ఇటు తిరిగి వచ్చి, పక్క సీట్లో కూర్చుంది. ఆ మర్నాటి నుంచి ల్యాబుకు బస్సులో వెళుతోంది.

మూడూ ఇరవై అయిదు. షాపామె పక్క బండి బోల్టులు బిగిస్తోంది, ఆ మిషన్ గరగరకు అద్దం అదురుతోంది. చెప్పకపోతే ఏమవుతుంది? నింపాదిగా ఆలోచిద్దాం అనుకున్నాడు, నింపాదితనం ఎక్కడా దొరకలేదు. చెప్పకపోతే మొదటి రకం టైర్లు వేయించి, రేపు పొద్దున తాళాలు చేతిలో పెట్టేస్తే, ఎర్ర కారు వీధి మలుపు తిరిగి వెళ్లిపోతుంది. పిల్ల బస్సులో తిరుగుతుంది. బస్సంటే తనకు తెలుసు, దాని డ్రైవర్లు తెలుసు, అడుగడుగూ తెలుసు. అమ్మేస్తే నాకు కంటి నిండా నిద్ర పడుతుందని భార్య మొన్ననే అంది. ఒక్క ముక్క మింగేస్తే ఇంట్లో ముగ్గురూ క్షేమం. చెబితే? చెబితే కూతురు మళ్లీ ఎక్కుతుంది. తెలుసు దాని సంగతి, తప్పు తనది కాదని తెలిసిన మరుక్షణం తాళాలు లాక్కుంటుంది. మళ్లీ వాన, మళ్లీ సర్కిల్, తాను పక్కన లేని రోజు. ఫోను మోగుతుంది, తెలియని గొంతు, ఈ నంబరు మీదేనా అంటుంది. ఆ గొంతు ఎలా ఉంటుందో కూడా ఆయనకు తెలుసు, పాతికేళ్ల నుంచి వింటున్నాడు, ఆ పిల్ల అడుగులు వేసిన నాటి నుంచి. నోరు విప్పితే తన చేత్తో తానే పిల్లను ఆ సీట్లో కూర్చోబెట్టినట్లు. విప్పకపోతే? పిల్ల బతికి ఉంటుంది, రాదు, నాకు చేతకాదు అనుకుంటూ బతికి ఉంటుంది. చేతకానివాళ్లు కోట్లమంది బతకడం లేదా? కానీ దీనికి చేతనవునే.

పోనీ, తన వైపు నుంచి చూద్దాం. ముందు గది గోడ మీద సర్టిఫికెట్ ఉంది, ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క గీత కూడా పడలేదని. అద్దం తుడుచుకునేది తానే. రిటైరైన డ్రైవర్లు ఆరుగురు నెలకోసారి ఇంట్లో చేరతారు, కాఫీలు తాగి ఎదుటివాళ్ల డ్రైవింగును దుమ్మెత్తిపోస్తారు. పోయిన నెల వాళ్లకు ఆ సర్కిల్ కథ చెప్పాడు. చేతులు తిప్పి, కారు తిరిగినట్లు చూపించి, మా అమ్మాయి చేతికి స్టీరింగిస్తే ఊరంతా చూపించి తీసుకొస్తుందిరా అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. తలుపు దగ్గర చెప్పులు విప్పుతోంది కూతురు. ఒక చెప్పు విప్పింది, రెండోది విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ రాత్రే కారు అమ్మేస్తానంది. ఇన్నాళ్లూ, నవ్వులాటకు అన్న మాటకు ఇంతా అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఈ ప్లాస్టిక్ కుర్చీలో ఆ రెండో చెప్పు గుర్తొచ్చి, సిగ్గుతో చెవులు కాలాయి.

ఇంకా ఉంది. దాని దగ్గరికి వెళ్లకుండా ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాడు. టీవీలో ఎవరో నోరు తెరిచి మూస్తున్నారు. ఆ రోజు, బస్టాపు దగ్గర నుంచి ఇంటికి కారు తోలుకొచ్చింది తాను. ఇరవై కూడా దాటలేదు. బడి గోడ దగ్గర మలుపులో వెనక జారింది. జానెడు, అంతే. కళ్లకు కనబడదు, చేతికీ తెలియదు, వీపుకు తెలుస్తుంది, ముప్పై ఒక్క ఏళ్లు సీటుకు అంటుకుపోయిన వీపుకు. వీపు చెప్పింది, ఇది పిల్ల తప్పు కాదు, ఈ బండికి పట్టు లేదు అని. స్పష్టంగా చెప్పింది. పక్కన కూతురు అటువైపు అద్దంలోంచి వానను చూస్తోంది, దానికేం తెలియలేదు. చెప్పాలంటే అప్పుడే చెప్పి ఉండాలి, ఏడుగురి ముందు అరిచిన అరగంటకే. అరిచిన నోటితో ఎలా చెబుతారు? వాన అనుకున్నాడు, రోడ్డు మీద ఆయిలు అనుకున్నాడు, వీపుకు వయసైపోయింది అని కూడా అనుకున్నాడు. నాలుగు నెలలు అలా అనుకుంటూ గడిపాడు. అంకెలు ఇవాళ తెలిశాయి, అవును. పట్టు లేదన్నది మాత్రం ఆ రోజే తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లలో మరి ఇంకెన్నిసార్లు వీపు చెబితే కాదన్నాడో, ఎంతమంది ఎక్కి దిగారో, గీత పడకపోవడం తన గొప్పో, జనం ఆయుష్షో. లేచి నిలబడ్డాడు. నీళ్లు పట్టుకుని గబగబా తాగబోతే చొక్కా మీద ఒలికాయి. తుడుచుకోలేదు.

షాపు రేకు మీద చినుకు పడింది. ఒకటి, ఇంకొకటి, ఆపైన లెక్కకు అందలేదు. గది తలుపు తోసుకుని షాపామె దగ్గరికి వెళ్లి, వానలో ఏది ఆగుతుందమ్మా అని అడిగాడు. ఆవిడ రెంచీ కింద పెట్టి, అమ్మేస్తున్నామన్నారు కదా అంది. ఆయన మళ్లీ అదే అడిగాడు. ఆవిడ రెండో వరుసలోంచి ఒక టైరు లాగి ఆయన ముందుకు వంచింది. గోరు పెట్టి నొక్కాడు, దిగింది, తీస్తే సన్నటి నెలవంక గుర్తు మిగిలింది. మెత్తనిది, తొందరగా అరిగిపోతుంది, రెండేళ్లు వస్తే గొప్ప అని ఆవిడ ముందే చెప్పేసింది. జీవితమంతా ఎక్కువ కాలం వచ్చేదే మంచి సరుకనుకున్న మనిషి, అరిగితే అరగనీ అన్నాడు. "వెనకవి వెడల్పు, ముందువి సన్నం, అటువి ఇటు మార్చడానికి ఉండదు. ఇంకో మాట. కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి అంటిన జిడ్డుంటుంది. మొదటి నూరు, నూటయాభై కిలోమీటర్లు ఇవీ కొంచెం జారతాయి. నెమ్మదిగా పోనివ్వమనండి, ఎవరు నడిపితే వాళ్లని." ఇవీ జారతాయట. ప్రాణానికి ప్రాణం అడ్డం వేసినా పూచీ ఇచ్చే టైరు ఈ లోకంలో లేదన్నమాట. వేసెయ్యమ్మా అన్నాడు.

కూతురు నాలుగింటికి ఇంకో అయిదు నిమిషాలుందనగా వచ్చింది, బస్సు దిగి, తలమీద సంచి పెట్టుకుని, గోళ్ల సందుల్లో ల్యాబు మైనంతో. కారు అప్పటికి కిందికి దిగింది. దాని చూపు నేరుగా చక్రాల మీదికే వెళ్లింది, వెంట్రుక తేడా పట్టే కళ్లు. అమ్మే బండికి ఇంత మంచివెందుకు నాన్నా అంది. ఆయన మూలన పేర్చిన పాత టైర్ల దగ్గరికి నడిచాడు, కూతురు వెంట వచ్చింది. పైదాని మీద చెయ్యి వేసి, గోరు పెట్టి చూడమన్నాడు. పెట్టింది. నొక్కింది. గోటిని వెనక్కి తీసుకుని చూసుకుంది. అప్పుడు ఆయన అంకెలు చూపించి, షాపామె చెప్పిందంతా చెప్పాడు, వారం, సంవత్సరం, షెడ్డు, సబ్బు బిళ్ల. డాక్టరుగారు మార్చమన్నా తాను వద్దన్న సంగతి కూతురికి గుర్తు చేయాల్సిన పని లేదు.

"నీకు ముందే తెలుసా?" అంది కూతురు.

ఇక్కడ లేదు అనొచ్చు. లేదు అన్నది సగం నిజం, సగం నిజంతో ఇళ్లు నడుస్తాయి.

"అంకెలు ఇవాళే తెలిశాయి" అన్నాడు. "జారుతోందని ఆ రోజే తెలుసు. ఇంటికి తెస్తుంటే నా చేతిలోనూ జారింది."

కూతురు ఏడవలేదు, అరవలేదు. ఆయన్ను కాదు, ఆయన చొక్కా మీద తడి మరకను చూసింది. తర్వాత చెయ్యి చాపింది. తాళాలు ఆయన జేబులో ఉన్నాయి, తీసి ఇచ్చాడు. మొదటి నూరు, నూటయాభై కిలోమీటర్లు జారతాయట అని గబగబా అన్నాడు, సర్లే అంది, ఎక్కు అంది.

పక్క సీటు. మళ్లీ అదే సీటు, వైపర్లు, సన్న వాన. మిగతా ప్రపంచంలో ఎవరి పక్కన కూర్చున్నా ఆయన కుడికాలు దానంతటదే బ్రేకు కోసం వెతుక్కుంటుంది, ఇప్పుడు ఆ కాలు నేలను తన్ని పెట్టి తొడ పట్టేసింది. ఇంటికి వెళ్లాలంటే ఆ సర్కిల్ దాటాలి, వేరే దారుంది, కొంచెం చుట్టు, చెబుదామా అనుకున్నాడు, చెప్పలేదు. కూతురి చేతులు స్టీరింగు మీద మెత్తగా ఉన్నాయి, మణికట్టు దగ్గర మాత్రం ఒక నరం కొట్టుకుంటోంది. అంటే దానికీ భయమే. ఆ సంగతి తెలిసేసరికి ఆయన భయం రెట్టింపయింది. "రేపు వస్తానన్నతనికి నువ్వే ఫోన్ చెయ్యి" అంది రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "అమ్మట్లేదని చెప్పు. ఎందుకో కూడా నువ్వే చెప్పు. నీ ఫ్రెండ్స్‌కి కూడా." సరే అన్నాడు. ఆరుగురి ముందూ చేతులు తిప్పి ఈ కథ మళ్లీ చెప్పాలి, ఈసారి నవ్వరు.

సర్కిల్ వచ్చింది. గడ్డి, షాపుల వరుస, బస్టాపు. బస్టాపులో జనం, తొమ్మిదిమంది, లెక్క దానంతటదే అయిపోయింది. ముల్లు పాతిక మీద. కూతురు తిప్పింది, కారు తిరిగింది, ఆయన కళ్లు మూసుకుని వీపుతో విన్నాడు. వీపు ఏమీ అనలేదు. కళ్లు తెరిచేసరికి ఇంటి రోడ్డు రావాలి, వచ్చింది, వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ గడ్డి, మళ్లీ షాపులు, మళ్లీ బస్టాపు, ఒకాయన తలెత్తి చూశాడు. ఇంటి రోడ్డు రెండోసారి వచ్చి వెళ్లిపోయింది. ఆయన చెయ్యి తలుపు పిడిని పట్టుకుంది, వదల్లేదు. మూడోసారి తిరుగుతుంటే బస్టాపులో అందరూ చూస్తున్నారు.

ఇంటికెళదామా అమ్మా అన్నాడు, ఇక ఉండబట్టలేక.

"ఇంకొక్కసారి" అంది కూతురు.